దూదీ, అలకా, పాడి ఆవూ

ఆ కాలంలో కొత్తల్లుడంటే అలగాల్సిందే. అలగకపోతే అల్లుడికి ఏదో లోపముందని అత్తవారే కంగారుపడేవాళ్లు. అలిగితే ఉంగరమో, పంచెల చాపో చేతిలో పెట్టి బుజ్జగించేవాళ్లు. ఒట్టేసి చెబుతున్నాను, నేను జన్మలో అలగలేదు. పన్ను పీకించుకున్నాను, అంతే.

పెళ్లయిన మొదటి ఎండాకాలం, మామిడిపండ్లు తినడానికి రమ్మని బనగానపల్లె నుంచి మా మామ కబురు పెట్టాడు. ఆయనా నాలాగే మగ్గం మీద బతికేవాడు. నా భార్య ఇంకా పుట్టింట్లోనే ఉంది. వెళ్లాలని నాకు శానా తొందర. సరిగ్గా అప్పుడే దవడ మూలన జ్ఞానదంతం అడ్డంగా మొలిచి ప్రాణం తీస్తోంది. దారిలో మిషన్ ఆసుపత్రికి వెళితే, ఇద్దరు నా భుజాలు అదిమి పట్టుకున్నారు, డాక్టరు దొరసాని పన్ను పీకింది. (నేను అరవలేదు. బయట కూర్చున్న రోగులు లేచి ఇళ్లకు వెళ్లిపోయారంటే అది వాళ్ల ఇష్టం.) ఆ గుంటలో దూది కుక్కి, వచ్చీరాని తెలుగులో ఆజ్ఞాపించింది: "గట్టిగా కరిచి పట్టు. పొద్దుగూకే దాకా మాటలొద్దు. ఉమ్మొద్దు. వేడిది తినొద్దు. బుగ్గ వాస్తుంది, భయపడొద్దు."

వాచింది. ఆ ముఖంతో కొత్తల్లుడు అత్తవారింట అడుగు పెట్టడమా! ఎండకన్నట్టు తలకూ దవడకూ తువ్వాలు చుట్టేసుకుని దర్జాగా వెళ్లాను.

అత్త కాళ్లకు నీళ్లిచ్చి, "బాగుండావా నాయనా?" అంది. పలకలేదు. పొగలు కక్కే సంగటి, కోడికూర పెట్టింది. ముట్టలేదు. బేనీషా మామిడిపండ్ల తట్ట ముందుకు జరిపింది. తల అడ్డంగా ఊపాను. పాపం, ఆవిడ ముఖం వెలవెలపోయింది. "అల్లుడు అలిగినాడు" అని లోపలికి వెళ్లి మామతో చెప్పింది.

మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏమప్పా, ఏం గావాలో చెప్పు. మాకేమన్నా పరాయోనివా?" నేను నోటివైపు చూపించి, ఒక్క పన్ను అని చెప్పడానికి ఒక వేలెత్తాను. నోరంటే పాలు, వేలంటే ఒక్కటి అని ఆయన లెక్క కట్టుకున్నాడు. "పాలిచ్చే ఆవును అడుగుతాండాడే" అన్నాడు నీరసంగా. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఆవు, నా భార్య దాన్ని దూడప్పటినుంచీ పెంచింది. నేను హడలిపోయి రెండు చేతులూ ఊపాను. "దూడ గూడా గావాలంట" అని నిట్టూర్చి, లేచి వెళ్లి ఆవు పలుపు విప్పాడు.

పెద్దల ముందు అంతవరకూ నాతో మాటే ఆడని నా భార్య తలుపుచాటు నుంచి విసురుగా వచ్చింది. కళ్లనిండా నీళ్లు. "యాడన్నా ఉండాదా ఇట్లాంటిది? మాకుండేది అదొక్కటే. అడిగేదేదో మొగం జూపిచ్చి అడుగు!" అంటూ తువ్వాలు లాగేసింది. బుగ్గ బేనీషా పండంత ఉంది. బిత్తరపోయి నోరు తెరిచాను. నెత్తుటి దూది ఒళ్లో పడింది.

"అయ్యో, పన్ను పీకిచ్చుకున్నాడమ్మా!" అంటూ ఆమె నవ్వబోయి, నవ్వలేక, మళ్లీ ఏడ్చింది. మామ ఆవును గుంజకు కట్టేసి, కాసేపు దాని మెడ నిమురుతూ అక్కడే నిలబడిపోయాడు. ఆయన ముఖం చూస్తే నాకూ ఏడుపొచ్చింది. చల్లారిన సంగటిని ఆ ఆవు పాలలోనే పిసికి, నా భార్య ముద్దముద్దగా తినిపించింది. "నమలొద్దు, మింగు" అంది. ప్రాణం లేచొచ్చింది. అసలు ఆ పూట ఇంకో పన్ను పీకినా ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు పీకడానికి నా నోట్లో ఒక్కటీ మిగల్లేదు. నా భార్య ఇప్పటికీ సంగటిని పాలలో పిసికి ఇస్తూనే ఉంది. ఎప్పుడైనా నేను మాట్లాడకుండా కూర్చుంటే, "ఏం, ఆవు గావాల్నా?" అంటుంది. నేను బుగ్గకు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఒక వేలెత్తుతాను. ఆమె వచ్చి తువ్వాలు లాగేస్తుంది.