చప్పుడు ఆగినప్పుడు

అరవైల చివర్లో గోదావరిఖనిలో రేకుల కప్పు సినిమా హాలు ఒకటి ఉండేది. ఆదివారం మ్యాట్నీకి నేనూ మా పెద్దక్క మొగుడూ తప్పకుండా పోయేవాళ్లం. బావ నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. నేను అదే గని ఆఫీసులో కొత్తగా చేరిన టైపిస్టును. హంతకుణ్ణి చివరిదాకా దాచిపెట్టే సినిమాలంటే నాకు పిచ్చి. బావకు చదువు రాదు కానీ, ఆ సినిమాలు తీసేవాళ్ల ఎత్తులు నాకంటే ముందే పసిగట్టేవాడు.

ఒకసారి తెర మీద ఒకావిడ ఖాళీ ఇంట్లో మెట్లెక్కుతోంది. తలుపు వెనక కత్తి పట్టుకున్న చెయ్యిని మనకు ముందే చూపించారు. ఆమెకు తెలియదు. వాయిద్యాలు హోరెత్తుతుంటే నేను కుర్చీ అంచుకు జరిగాను. బావ తాపీగా నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇప్పుడేం కాదు బామ్మర్ది. మోత ఉన్నంతసేపు వాడు ఊకె బెదిరిస్తడు. ఆగినంక చూడు.”

మోత ఆగింది. మెట్ల మీంచి పిల్లి దూకితే హాలంతా నవ్వి ఊపిరి వదిలింది. కత్తి అప్పుడు దిగింది.

బయటికొచ్చాక ఎట్లా కనిపెట్టావని అడిగితే, గనిలో కప్పు కూడా అంతేనన్నాడు. బరువు మీద పడితే దుంగలు కిర్రుమంటాయట, మట్టి రాలుతుందట. ఆ చప్పుళ్లు ఉన్నంతవరకు పని చేసుకోవచ్చు. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతే మాత్రం అక్కడ నిలబడకూడదట.

ఆ ఎండాకాలం, ఒక మొదటి షిఫ్టులో, గనిలో చప్పుడు అలాగే ఆగిపోయింది. బావ లోపల పని చూసే ఓవర్‌మన్‌కు చెప్పాడు. పని నడవాల్సిందేనన్నాడాయన. బావ వినకుండా తనతో ఉన్న నలుగురినీ పైకి తీసుకొచ్చేశాడు.

కప్పు కూలలేదు. మర్నాడు ఆఫీసర్లు దిగి, కర్రతో తట్టి చూసి, గట్టిగానే ఉందన్నారు. అనుమతి లేకుండా పని వదిలాడనీ, లేని భయం పుట్టించి తోటివాళ్లను చెడగొట్టాడనీ బావ మీద చార్జిషీటు తయారైంది. చేతిరాత కాగితం నా బల్ల మీదికొచ్చింది. నా వేళ్లు వణికాయని చెప్పుకోవాలని ఉంది. వణకలేదు. ఒక్క తప్పు లేకుండా మూడు కాపీలు కొట్టాను.

విచారణలో మాటలు రాసుకోవడానికి కూడా నన్నే కూర్చోబెట్టారు.

“ఏం వినపడి పైకొచ్చావ్?” అని అడిగాడు ఆఫీసరు.

“ఏం వినబడలే సార్. గందుకే వచ్చిన.”

గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ నవ్వినట్టు పెదవులు కదిపాను. అది బావ చూశాడు.

ఆయన పైకి తెచ్చినవాళ్లలో ఇద్దరు వచ్చి, తమకు ఏ ప్రమాదమూ కనిపించలేదనీ, ఆయన గదమాయిస్తే వచ్చామనీ చెప్పారు. కాగితం మీద వాళ్ల చేత వేలిముద్రలు వేయించింది నేనే. బావను దుంగల పనిలోంచి తీసి, పైన బొగ్గులోంచి రాళ్లు ఏరే పనిలో పెట్టారు. దెబ్బలు తగిలి గనిలోకి దిగలేనివాళ్లకు ఇచ్చే పని అది. షిఫ్టు దిగి పోయేవాళ్లు ఆయన్ని చూసి తలల మీద చేతులు పెట్టుకుని, కప్పు మీద పడుతున్నట్టు వంగి నడిచేవాళ్లు.

పని మార్చిన పదో రోజున అదే చోట కప్పు కూలింది. సాక్ష్యం చెప్పిన ఇద్దరిలో ఒకతని కాళ్లు రెండూ పోయాయి. ఆ ప్రమాదం కాగితం కూడా నాకే వచ్చింది. ఎటువంటి ముందస్తు సూచనా లేకుండా హఠాత్తుగా జరిగిందని అందులో ఉంది. లేచి ఆఫీసరు గది గుమ్మం దాకా వెళ్లాను. తిరిగొచ్చి దాన్ని టైపు కొట్టాను.

దవాఖానకు బావతో పాటు నేనూ వెళ్లాను. మంచం మీది మనిషి మమ్మల్ని చూసి గోడ వైపు తిరిగాడు. బావ పక్కన కూర్చుని అతని చేత నీళ్లు తాగించాడు. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. తిరిగొస్తుంటే ఆ ప్రమాదం కాగితం సంగతి నేనే చెప్పాను. చెబితే బరువు దిగుతుందనుకున్నాను.

“గా కాగితం గూడ నువ్వే కొట్టినవా?”

నా డ్యూటీ అన్నాను. బావ నన్ను దాటి ముందు నడిచాడు.

తర్వాతి ఆదివారం మ్యాట్నీకి పిలవడానికి వెళ్తే, పండుకున్నాడని అక్క గుమ్మంలోనే చెప్పింది. లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. మళ్లీ పిలవలేదు.

బావ రిటైరయ్యేదాకా రాళ్లే ఏరాడు. అప్పటికి నేను హెడ్ క్లర్కును. ఆయన ఫైలు నా బీరువాలోనే ఉండేది. ఆ శిక్ష కొట్టేయమని ఆయన చేత ఒక అర్జీ పెట్టిస్తే పై ఆఫీసర్లు వినేవాళ్లేమో. అర్జీ మీద వేలిముద్ర వేయమని అడగడానికి నేను ఆ ఇంటికి వెళ్లాలి. వెళ్లలేదు.