మా నాన్నను గుర్తుపట్టిన కాకులు

కాకి అరిస్తే చుట్టాలొస్తారని అందరిళ్లలోనూ అనుకునేవారు. మా ఇంట్లో మాత్రం కాకులు అరిస్తే నాన్న వీధి మలుపు తిరిగాడని అర్థం. అమ్మ లేచి టీకి నీళ్లు పెట్టేది.

తొంభైల మధ్యలో మేం గుణదలలో అద్దెకుండేవాళ్లం. నాన్న లైన్‌మన్. ఎండాకాలం వచ్చిందంటే ఆయనకు సగం పని కాకులతోనే. అవి పుల్లలతో పాటు ఎక్కడెక్కడి ఇనుప తీగ ముక్కలూ ఏరుకొచ్చి కరెంటు స్తంభాల మీద గూళ్లు కట్టేవి. ఆ తీగ రెండు లైన్లకూ తగిలిందంటే ఠప్పున పేలి నాలుగు వీధులకు కరెంటు పోయేది. జనం తిట్టేది కాకిని కాదు, నాన్నను. అందుకని గూడు కనబడితే పీకెయ్యడం ఆయన డ్యూటీ.

ఒక ఏడు మే నెలలో, మా వీధి చివర బాదం చెట్టు పక్కనున్న స్తంభం మీది గూడు పీకాడు. అందులో పిల్లలున్న సంగతి పైకెక్కాక గానీ తెలియలేదట. రెండింటినీ సంచిలో వేసుకుని దిగి, ఎదురింటి ప్రహరీ గోడ మీద పెట్టాడు. సాయంత్రానికి ఒకటి చచ్చిపోయింది. రెండోదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. ఆ పూట నాన్న అన్నం సరిగ్గా తినలేదు. “కాకిపిల్ల కాకికి ముద్దు గదే,” అన్నాడు అమ్మతో.

మర్నాడు పొద్దున సైకిలెక్కి వీధిలోకి వెళ్లగానే రెండు కాకులు ఆయన తల మీదుగా ఈడ్చి కొట్టినట్టు దూసుకుపోయాయి. ఆ వెనక పది పోగయ్యాయి. మొదట్లో మేం నవ్వుకున్నాం. నాన్న ఖాకీ చొక్కా మాని తెల్ల చొక్కా వేసుకున్నాడు, గుర్తుపట్టాయి. తువ్వాలు తలపాగా చుట్టాడు, గుర్తుపట్టాయి. ఎవరిదో హెల్మెట్ అడిగి తెచ్చుకుంటే మలుపు దాకా నోరెత్తలేదు. చెమట తుడుచుకోవడానికి తీశాడో లేదో, బాదం చెట్టంతా ఒక్కసారి లేచింది. లోకులు పలుగాకులంటారు కదా, మా వీధి లోకులూ ఊరుకోలేదు. కాకి గోల వినబడగానే “లైన్‌మన్ గారొస్తున్నారండీ” అని అరుగుల మీంచి కేకేసేవారు.

వానలు పడ్డాక కాకులు సద్దుమణిగాయి. మరిచిపోయాయనుకున్నాం.

మళ్లీ వేసవి వచ్చేసరికి నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. డాబా మీద వడియాలు ఎండబెడితే వాటికి కాపలా నేనే. కర్రకు నల్లగుడ్డ కట్టుకుని, నీళ్ల ట్యాంకు నీడలో కూచుని కాకుల్నే చూస్తుండేదాన్ని. ఆ ఏటి పిల్లలు అప్పుడప్పుడే గూళ్లు వదిలి తీగల మీదికి వచ్చాయి. నోరు తెరిస్తే లోపల ఎర్రగా ఉండేది, ఎగరడం ఇంకా సరిగ్గా చేతకాదు. నాన్న సైకిలు మలుపు తిరగగానే పెద్ద కాకి ఒకటి బొంగురుగా, మామూలు అరుపు కాని అరుపు ఒకటి అరిచేది. మిగతా పెద్దవి వచ్చి చేరేవి. పిల్లలు కదిలేవి కావు. అరిచేవాళ్లను చూసి, తర్వాత నాన్నను చూసి, ఆయన ఎటు పోతే అటు మెడ తిప్పేవి. నాలుగైదు రోజులు అలా ఊరికే చూశాయి. ఆ తర్వాత ఒకరోజు, ఇంకా ఏ పెద్ద కాకీ నోరు విప్పకముందే, తీగ మీదున్న పిల్లకాకి ఆ బొంగురు అరుపు అరిచింది.

దాన్ని నాన్న ఎప్పుడూ ముట్టుకోలేదు. దాని గూడు పీకలేదు. అది పుట్టిందే ఆ వేసవిలో. కాకి ముక్కుకి నేను భయపడలేదు. అవి ఒకదానికొకటి చెప్పుకుంటున్నాయని తెలిసి భయపడ్డాను. ఎన్ని పిల్లలు పుడితే అన్నింటికీ చెబుతాయి. ఇక దీనికి అంతెక్కడ?

కాకులు మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటాయనీ, ఎవరికి భయపడాలో పెద్దవాటిని చూసి పిల్లలు నేర్చుకుంటాయనీ ఈమధ్య ఎక్కడో చదివాను. రాసినవాళ్లు ఆశ్చర్యపోయారు. నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. వాళ్లు రాసింది నేను వడియాల దగ్గర కూచుని చూశాను.

ఆ నెలలోనే, పట్టపగలు, మా గేటు ముందే, ఒక కాకి నాన్న నడినెత్తి మీద కాళ్లతో తన్నింది. గోళ్లు దిగి రక్తం వచ్చింది. అమ్మ గేటు దగ్గరే ఉంది. చేతిలో చెంబు జారిపోయింది.

కాకి తల మీద తన్నడమంటే మా వైపు సామాన్యం కాదు. ఆయుష్షు మూడిందని చెప్పి పోయినట్టే లెక్క. నాన్న తల కడుక్కుంటూ నవ్వాడు. “నన్ను పిలవాలంటే యముడికి చేతి కింద అంత కరెంటుంటే, మధ్యలో కాకెందుకే?” అన్నాడు. ఆయన హాస్యానికన్నాడు గానీ, ఆ మాటతోనే అమ్మ మొహంలో నెత్తురు లేకుండా పోయింది. నాకూ అంతే. ఇంట్లో ఉన్న మనిషిని కాకి తంతే గాయమవుతుంది. స్తంభం మీదున్న మనిషిని తంతే ఏమవుతుందో చెప్పడానికి శకునాలెందుకు?

ఆ గండానికి పెద్దలు చెప్పిన విరుగుడొకటుంది. కాకి తన్నిన మనిషి చచ్చిపోయాడని, అతన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లెవరికైనా అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో చావు తీరిపోతుంది. ఏడ్చేవాళ్లకు ముందే తెలిస్తే పని చెయ్యదు.

అమ్మ మైలవరంలో ఉన్న మా మేనత్తను ఎంచుకుంది. నాన్నకు ఆవిడ అక్క. తల్లి పోతే ఏడేళ్ల నాన్నను చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడ ఏడిస్తే అది అబద్ధపు ఏడుపు కాదు. ఇవన్నీ చాదస్తమనుకునే నాన్నకు చెబితే సాగనివ్వడని, అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి పోస్టుకార్డు చేతిలో పెట్టింది.

“నువ్వే రాయాలమ్మా. ఆయన కట్టిన తాళి మెళ్లో పెట్టుకుని ఆ ముక్క నేనెట్టా రాస్తాను?”

మైలవరం ఎంత దూరమనీ, మనిషిని పంపకుండా కార్డు రాస్తే అత్తయ్య నమ్ముతుందా అనీ అడిగాను. ఏడ్చేవాళ్లు అవన్నీ చూస్తారా అంది అమ్మ. రాశాను. క్లాసులో నాది ముత్యాల్లాంటి దస్తూరీ. నిన్న ఉదయం నాన్న స్తంభం మీంచి పడి చనిపోయారు, మీరు వెంటనే బయల్దేరి రావలసింది, అని రాశాను.

పోస్టు డబ్బా దాకా వెళ్లి, కార్డు సగం దూర్చి, మళ్లీ లాక్కున్నాను. వెయ్యలేకపోయాను. అది లోపల పడితే నిజమైపోతుందనిపించింది. వేశానని అమ్మకు అబద్ధం చెప్పి, సోషల్ పుస్తకంలో దాచాను. చావు కబురు ఉత్తరాన్ని మా ఇళ్లలో ఒక్క పూట ఉంచరు. గుమ్మం బయటే చదివి చింపేస్తారు. నేను దాన్ని నా తలగడ పక్కన పెట్టుకున్నాను.

ఆ తర్వాత పది రోజులు నేను తిన్నది ఒంటబట్టలేదు. అమ్మ మనసు కుదుటపడింది. కార్డు ఆలస్యమైనట్టుంది, ఇవాళో రేపో వదిన వస్తుంది, గండం పోతుంది అనుకుంటూ నాన్నను పనికి నవ్వుతూ పంపేది. గండం ఎక్కడికీ పోలేదని నాకొక్కదానికే తెలుసు. అది నా పుస్తకంలో ఉంది. అందుకని గొడుగు పట్టుకుని ఆయన వెనకే తిరగడం మొదలుపెట్టాను. ఆయన స్తంభమెక్కితే కింద నిలబడి గొడుగు ఊపుతూ కాకుల్ని తోలేదాన్ని. పెళ్లయి వెళ్లిపోయాక, ఎన్నో ఏళ్లకు ఆ వీధిలో ఒంటరిగా నడుస్తుంటే తీగ మీంచి ఆ బొంగురు అరుపు నా మీద పడింది. అప్పటి కాకుల్లో ఎన్ని మిగిలి ఉంటాయి?

పదకొండో రోజు ఉదయం మా వెనక వీధిలో లైను పని పడింది. సబ్‌స్టేషన్‌కి చెప్పి కరెంటు ఆపించి, బెల్టు కట్టుకుని నాన్న ఎక్కాడు. నేను గొడుగుతో ఒక పక్కకు తిరిగి ఉన్నాను. కాకి రెండో పక్కనుంచి వచ్చింది. మెడ మీద తన్నింది. నాన్న చెయ్యి తల మీదికి పోయింది, కాలు నిచ్చెన మీంచి జారింది, కటింగ్ ప్లయర్ నా ముందు సిమెంటు రోడ్డు మీద పడి ఎగిరింది. తలెత్తితే నాన్న బెల్టుకు వేలాడుతున్నాడు. కాకులు ఆయన చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. నిచ్చెన పట్టుకున్నాయన కేకలు పెడుతుంటే, నాన్న ఎలాగో స్తంభాన్ని రెండు చేతులతో కావలించుకున్నాడు. అలాగే చాలాసేపు ఉండిపోయాడు. దిగాక నేల మీద కూలబడి మంచినీళ్లడిగాడు. లైను ఆపి ఉంది కాబట్టి సరిపోయిందన్నాడు నిచ్చెనాయన.

ఇంటికి నడుస్తుంటే దారిలో నాన్నకు అంతా చెప్పేశాను. అమ్మ రాయించిన కార్డు, నేను వెయ్యకపోవడం, నావల్లే ఇదంతా జరగడం. ఏడుస్తూ చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. పిచ్చితల్లీ అని కార్డు చింపి కాలవలో పారేస్తాడనుకున్నాను. నాక్కావలసింది అదే.

“ఏదీ, తే,” అన్నాడు.

అమ్మ కుళాయి దగ్గరుంది. పుస్తకంలోంచి కార్డు తీసిచ్చాను. నిలబడే రెండుసార్లు చదివాడు. నా పెన్ను అడిగాడు. చిరునామాలో నేను వదిలేసిన బస్టాండు వెనక వీధి అన్న ముక్క, ఎక్కడా తప్పిపోకుండా, చేర్చాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు. ఆయనే వెళ్లి డబ్బాలో వేశాడు. కార్డు లోపలికి పోయాక కూడా డబ్బా నోట్లో వేళ్లు పెట్టి చూశాడు.

నాకు అసలు భయం అప్పుడేసింది. అప్పటిదాకా భయమేసినప్పుడల్లా నాన్న మొహం చూసి నిలదొక్కుకునేదాన్ని. ఇప్పుడు ఆ మొహంలోనే ఉంది భయం.

ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి ఆయన గడప దాటలేదు. మూడో రోజు పదకొండు గంటలప్పుడు, వీధి చివర రిక్షా దిగినప్పట్నించే అత్తయ్య ఏడుపు వినబడింది. నాన్న లేచి నన్ను వెనక గదిలోకి లాక్కెళ్లి తలుపు గడియ పెట్టాడు. బయట అత్తయ్య గుమ్మంలో పడి గుండెలు బాదుకుంటోంది. నా చేత్తో ముద్దలు పెట్టానురా అంటోంది, నన్ను తీసుకుపోకుండా నిన్ను తీసుకుపోయాడేంట్రా అంటోంది. మధ్యలో ఊపిరి అందక గొంతు ఆగిపోతోంది, మళ్లీ లేస్తోంది. అమ్మ ఆవిడకు నిజం చెప్పడం లేదు.

నేనిక ఉండలేక గడియ మీద చెయ్యి వేశాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన కళ్లు తలుపు మీదే ఉన్నాయి. బుగ్గల మీదుగా నీళ్లు కారుతున్నాయి.

“ఆగమ్మా,” అన్నాడు మెల్లగా. “ఇంకాసేపు ఏడవనీ.”