బాపు రాని ఆ వరద రోజు

మా చిన్నతనమంతా సూరత్‌లోనే... లింబాయత్‌లో ఒక ఇరుకు గల్లీ, రెండో అంతస్తులో ఒక్కటే రూము. ఓ వానాకాలం పొద్దున లేచేసరికి తాపీ నది పొంగి గల్లీ నిండా నీళ్లు... కింది ఇళ్ల వాళ్లంతా పిల్లల్ని, బియ్యం సంచుల్ని ఎత్తుకుని మా మెట్ల మీదికి ఎక్కేశారు.

మా బాపు మాత్రం ఇంట్లో లేడు. కడోదరాలో మరమగ్గాలు నడిపే సాంచాల కార్ఖానాకు రాత్రి డ్యూటీకి పోయినవాడు, తెల్లారినా తిరిగి రాలేదు.

కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. "అటు రోడ్డంతా మునిగిందట", "ఎవరో కొట్టుకపోయిండ్రట" అని మెట్ల మీద తలో మాట... అవి విన్నప్పటి నుంచి అమ్మ కాలు ఒక్కచోట నిలవలేదు. డాబా ఎక్కేది, దిగేది. కిటికీ ఊచలు పట్టుకుని గల్లీ మలుపు దాకా చూసేది. పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోయింది... మాడు వాసన వస్తే నేనే దించాను.

మధ్యాహ్నం ఇక ఆగలేక దేవుని గూటి ముందు కూలబడింది. అందులో మా ఇంటి దేవుడు రాజన్న పటం. దీపం ముట్టించే ఓపిక కూడా లేదు. కొంగు నెత్తిన కప్పుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది...

"రాజన్నా, ఇగ నాతోని కాదయ్యా. పొద్దటి సంది ఆయన్ని నా తలకాయలనే ఎన్నిసార్లు ముంచిన్నో. నీ చేతుల పెడుతున్న. నువ్వే చూసుకో."

కాసేపు ఏడ్చింది. నాకు భయమేసి, "బాపు వస్తడా అమ్మా?" అన్నాను.

"నాకు తెల్వదు బిడ్డా. ఆయన యాడున్నడో దేవునికి ఎర్కే. గంతే."

కళ్లు తుడుచుకుని లేచి పిండి డబ్బా తీసింది. మెట్ల మీద కింది ఇంటి శారదాబెన్ పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. వాళ్లకు, అక్కడున్న అందరికీ రొట్టెలు చేయడం మొదలుపెట్టింది. శారదాబెన్ పక్కన కూర్చుని పిండి పిసుకుతూ, "మీ ఆయన సంగతి తెలియకుండా ఇదంతా ఎలా చేస్తున్నావ్?" అని హిందీలో అడిగింది.

"భగవాన్ కో దే దియా బెన్," అంది అమ్మ, వచ్చీరాని హిందీలో. దేవునికి అప్పజెప్పేశానని.

అలాగని నిమ్మళంగా ఉందని కాదు. నీళ్లల్లో ఏ చప్పుడైనా చెయ్యి ఆగేది... పెదవులు కదిలేవి... మళ్లీ రొట్టె ఒత్తేది.

బాపు మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. ఛాతీ లోతు నీళ్లల్లో, తోటి పనివాళ్లతో కలిసి ఒకే తాడు పట్టుకుని. అప్పటిదాకా కార్ఖానా కప్పు మీదే ఉన్నారట. అమ్మ ఆయన భుజాలు, తల తడిమి చూసి, గూటి ముందుకు పోయి ముందటి రోజు కంటే ఎక్కువ ఏడ్చింది.

"ఏందే, వచ్చిన గదా," అన్నాడు బాపు.

"వచ్చినవ్... గందుకే."

ఇప్పుడు నా కొడుకు ట్యూషన్ నుంచి కాస్త ఆలస్యమైతే ఫోన్‌లో మ్యాప్ తెరుస్తాను. వాడి చుక్క కదులుతూ కనిపిస్తూనే ఉంటుంది... అయినా గుండె కుదుట పడదు. ఫోన్ పక్కన పెట్టి అమ్మలా మొక్కడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా...

మీ ఇంట్లో అలాంటి గడియ వచ్చినప్పుడు అమ్మానాన్నలు దేవుడితో ఏమని మాట్లాడేవారు? గుర్తుంటే రాయండి... చదవాలని ఉంది.