చిలకమ్మ పెద్దమ్మ ఆపిన జీపు

కాఫీ తోటలు పూశాయి. అనంతగిరి ఘాట్ రోడ్డు పొడవునా మల్లెల్లాంటి వాసన. టూరిస్టులు కార్లు ఆపి ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఈ వాసన తగిలితే ఒళ్ళు మండుతుంది. ఇలా పూసిన రోజుల్లోనే మా పక్కింటి చిలకమ్మ పెద్దమ్మ నా చదువు కోసం రోడ్డుకి అడ్డంగా నిలబడింది. మాకు రక్తసంబంధమేమీ లేదు. అమ్మ పోయాక పిలిచి ఇంత చోడి అంబలి పోసింది, అంతే, పెద్దమ్మ అయిపోయింది.

మా కాఫీ రైతుల సంఘం గింజల ధరలో కొంత పట్టుకుని పిల్లల చదువు పొదుపులో వేసేది. పెద్దమ్మ తన వంతు నా పేరున వేయించింది. కాలేజీ ఫీజుకి తీస్తే మొత్తం ఇస్తారు. మరి దేనికి తీసినా సంఘం మూడో వంతు కోత పెడుతుంది. విశాఖలో నర్సింగు చదువుతుండగా నాకు ఫీజు మాఫీ అయింది. మెస్ బిల్లు మాఫీ కాలేదు. అది కడితేగాని హాల్ టికెట్ ఇవ్వమన్నారు. డబ్బు తీయడానికి ఇద్దరం సంఘం సెక్రటరీ దగ్గరికి వెళ్ళాం.

"ఫీజే లేనప్పుడు ఇది చదువు ఖర్చెలా అవుతుందమ్మా? కోత తప్పదు" అన్నాడాయన, తలెత్తకుండా.

"తిండి తినకుండా సదూతాదేటి గుంట?" అంది పెద్దమ్మ.

"రూలమ్మా."

"ఎవుడు రాసినాడా రూలు? ఆడికి ఆకలెయ్యదేటి?"

కోత పోగా మిగిలేది మెస్ బిల్లుకి చాలదు. చదువుకోమని దాచిన డబ్బుకి, బాగా చదివి ఫీజు తప్పించుకున్నందుకు జరిమానా! ఇదెక్కడి న్యాయం?

ఆ వారమే మా మన్యం వాళ్ళ ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి పోతే, ఆడవాళ్ళం రోడ్డుకి అడ్డంగా వెదురుగడ కట్టి, పాడుతూ, వచ్చిన బండినల్లా ఆపి పండగ చందా తీసుకుంటాం. ఇవ్వకుండా ఎవరూ దాటరు. సెక్రటరీ జీపు వచ్చింది. ఆయన నవ్వుతూ కిటికీలోంచి పది రూపాయల నోటు చాపాడు. పెద్దమ్మ ముట్టుకోలేదు.

"ఇది సాలదు బాబూ. గుంట డబ్బు కోత లేకుండా ఇత్తానని సంతకం ఎట్టు."

"ఏంటీ దౌర్జన్యం?"

"పండగ బాబూ!"

ఆడవాళ్ళంతా గొల్లుమని నవ్వి పాట అందుకున్నారు. వెనకాల బస్సు హారన్ కొడుతోంది. రేపు ఆఫీసుకి రమ్మన్నాడు. "రేపెవులు సూసినారు?" అంది. చివరికి జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. హాల్ టికెట్ వచ్చింది, పరీక్ష రాశాను, నర్సునయ్యాను.

ఆ ఏడాది కాఫీ పళ్ళు కోసి ఆరబెట్టాక, సంఘం పెద్దమ్మ గింజల్ని తేమ ఎక్కువుందని తిప్పి పంపింది. పక్క కళ్ళంలో ఆరిన గింజలకి లేని తేమ ఆవిడ గింజలకే వచ్చిందట! సంతలో షావుకారు ఇచ్చినంతకి అమ్ముకుంది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే వెనక్కి తోసేసింది.

"నాకేల? ఇంకో గుంటకి కోత ఎడితే నువ్వెల్లి అడుగు."

పెద్దమ్మ పోయింది. రూలు పోలేదు. ఫీజు మాఫీ అయిన పిల్ల ఎవరు వచ్చి చెప్పినా, సెలవు పెట్టుకుని వెంట వెళ్తున్నాను. "కాస్త శాంతంగా మాట్లాడమ్మా" అంటారు సంఘం ఆఫీసులో. మాట్లాడను. పెద్దమ్మ బస్తాలని తిప్పి పంపినప్పుడు అక్కడ అందరూ శాంతంగానే ఉన్నారు.