స్వస్థత సాక్ష్యం చెప్పి మాత్రలు మానేశాను

ఆ శుక్రవారం వాక్యం చదువుతుండగా దగ్గు తెర వచ్చింది. రుమాలు తీసి చూస్తే రక్తపు చార. ఎదురుగా కూర్చున్న ఐదుగురికీ కనబడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను.

తొంభైల మొదట్లో మాట. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాణ్ణి. మా తెలుగు సంఘంలోని మగవాళ్లం ఆరుగురం వారానికోసారి మా క్వార్టర్లో కూడి బైబిలు చదువుకునేవాళ్లం. నడిపేది నేనే. అప్పటికి నెల రోజులుగా సాయంత్రమైతే జ్వరం, చెమటలు. డ్యూటీ అలసట అనుకున్నాను.

ఆ రక్తం చూశాక ఆసుపత్రికి వెళితే ఎక్స్‌రే తీశారు. మూడు రోజులు కఫం తీసి స్ప్యూటమ్ పరీక్ష చేశారు. "టీబీ హై. రోజ్ దవా ఖానా, బీచ్ మే ఛోడ్‌నా మత్" అన్నారు డాక్టరుగారు. మధ్యలో మానొద్దన్న మాట నాకు బాగానే అర్థమైంది.

అంటుకుంటుందన్న భయంతో భార్యనూ ఇద్దరు పిల్లల్నీ మా సొంతూరు బొబ్బిలి పంపేశాను. కూడిక భిలాయి-3 అనే పేటలో మరొకరింటికి మారింది. నన్ను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. శుక్రవారాలు ఒక్కణ్ణే పైకి చదువుకోబోయేవాణ్ణి. ఖాళీ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించి ఆపేసేవాణ్ణి.

మూడో నెలకు జ్వరం పోయింది. ఆదివారం సంఘం ముందు నిలబడి, "ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడు. ఇక మందులతో పనిలేదు" అని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. వచ్చి చేతులు పట్టుకున్నారు. అన్నాళ్లకు ఒక మనిషి చేయి తగిలింది. నిజం చెప్పాలంటే, ఆ చేతుల కోసమే అంత మాట అన్నానేమో.

మాత్రలు మానేసి రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ రక్తం పడింది, ఈసారి ఎక్కువగా. వార్డులో చేర్చారు. "దవా క్యోం ఛోడీ?" అంటూ మందెందుకు మానేశావని డాక్టరుగారు అడిగితే తల వంచుకున్నాను. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. సంఘం నుంచి ఎవరూ రాలేదు. వచ్చి మాత్రం నా ముఖం చూసి ఏం మాట్లాడగలరు?

మూడో వారం అప్పారావు వచ్చాడు. మా ఆరుగురిలో చిన్నవాడు, ఫిట్స్‌కు మాత్రలు వాడేవాడు. కుడిచేతికి ప్లాస్టర్ ఉంది.

"ఏటైంది తమ్ముడూ?"

"పవర్ హౌస్ బజార్లో ఫిట్స్ వొచ్చి పడిపోనానన్నా. మాత్రలు మానీసేను గదా."

"ఎందుకు మానీసేవు?"

అతను నేలవైపు చూశాడు. "నువ్వు మానీసేవు గదన్నా. మరి నాకే విశ్వాసం తక్కువేమో అనుకున్నాను."

మంచం మీద లేచి కూర్చున్నాను. "నీ విశ్వాసానికి ఏటీ తక్కువ లేదు. నాను సెప్పిందే తప్పు. నాకు నయమైంది ఆ మాత్రల వల్లే. అవీ దేవుడిచ్చినవే. ఈ రోజే డాక్టర్ని అడిగి మళ్లీ మొదలెట్టు."

"సంఘంలో అడిగితే ఏటని సెప్పమంటావు?"

"నువ్వు సెప్పక్కర్లేదు. నాను సెప్తాను."

స్ప్యూటమ్ నెగెటివ్, అంటే కఫంలో క్రిములు లేవని వచ్చి ఇంటికి పంపాక, అదే సంఘం ముందు నిలబడి నా సాక్ష్యం తప్పని చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. బయట సైకిలు తాళం తీసుకుంటుంటే ఒక్కరూ దగ్గరకు రాలేదు.

కోర్సు మొత్తం పూర్తిచేశాను. భార్యాపిల్లలు తిరిగి వచ్చారు. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే. ఆనాటి నుంచి శుక్రవారాలు మా ఇంటికి అప్పారావు ఒక్కడే వస్తాడు. కొంచెమే చదువుతాం. తెలియనిది తెలియదని ఒప్పుకుంటాం. మిగతా నలుగురు దారిలో కనిపిస్తే పలకరించి వెళ్లిపోతారు.

టీబీ మందు వాడుతున్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఒళ్లు తేలికపడిన రోజు మందు మానే రోజు కాదు. డాక్టరు ఆపమన్న రోజునే ఆపండి. ప్రార్థన చేసుకోండి, మాత్ర వేసుకోండి.