పటేలు మెడలో కాగితం గులాబీలు

కల్వకుర్తి దగ్గరి మా ఊళ్లో ముడతల కాగితంతో గులాబీలు చేయడం నా ఒక్కదానికే వచ్చు. రేకు అంచును బొటనవేలితో సాగదీసి వంచితే, నిజం పూలనుకుని మేకలు కొరికేవి.

మొన్నటిదాకా రజాకార్లకు దండలు వేసిన మా పటేలు, నైజాం లొంగిపోయాడని తెలియగానే మా ఇంటికొచ్చాడు.

"బిడ్డా, జర జల్ది ఓ గులాబీల దండ చెయ్యి. మన మిలట్రోళ్లు వస్తుండ్రు."

"వాళ్లు ఎప్పటి సంది మనోళ్లయిండ్రు పటేలా?"

"నిన్నటి సంది," అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

సైన్యం వచ్చిన రోజు తుంపర పడుతోంది. పటేలు వేసిన దండను ఆఫీసరు మర్యాదకు తీసి, తిరిగి ఆయన మెడలోనే వేశాడు. తడిసిన కాగితం నుంచి ఎర్రరంగు కారి తెల్ల లాల్చీ నిండా పాకింది.

"రజాకార్లు కొట్టారా?" అని ఆఫీసరు కంగారుగా ఉర్దూలో అడిగాడు.

పటేలు ఒక్క క్షణం ఆలోచించి, గుండె పట్టుకుని అవునన్నట్టు తలూపాడు.

"గది నా పూల రంగు సారూ!" అని అరిచాను. ఆఫీసరుకు తెలుగు రాదు. కట్టు కట్టిస్తానంటే పటేలు చిన్న దెబ్బేనని చేయి అడ్డం పెట్టాడు. ఆఫీసరు ఆయనకు సెల్యూటు కొట్టాడు.

ఆ లాల్చీని పటేలు ఉతకనివ్వలేదు. పెట్టెలో దాచి, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ముసలితనంలో మతిమరుపు వచ్చాక నాకూ చూపించాడు.

"దేశం కోసం కార్చిన నెత్తురు బిడ్డా గిది," అన్నాడు.