ఎర్ర వైరు, ఆకుపచ్చ వైరు

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ కథ ఇలా నడుస్తుంది: పాత విద్యార్థుల సమావేశంలో దాని గిటార్ ముక్కుతో మూలిగినట్టు మోగిందంటే కారణం నేనేనట, కుళ్లుతో కావాలనే లోపల వైర్లు తిప్పేశానట. ఇందులో సగం నిజం. కుళ్లు నిజం. కావాలని అన్నది పచ్చి అబద్ధం. ఇన్నేళ్లుగా చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బతుకుతున్నదాన్ని, చెడగొట్టాలనే అనుకుంటే ఎవరికీ దొరకకుండా చెడగొట్టలేనా?

అది అంటే నా స్నేహితురాలు. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ కలిసి చదివాం, హాస్టల్లో ఒకే గది. ఇప్పుడు నేను ఆ క్యాంపస్‌లోనే ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటున్నాను. అది తార్నాకలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తుంది, ఆదివారాలు మా చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంది. హాస్టల్ రోజుల్లో ఎవరి దగ్గరో కొన్న పాత గిటార్ అది. కొన్న వారానికే మూగబోతే, మెస్ నుంచి తెచ్చిన చెంచా కాడతో వెనక మూత విప్పి బాగుచేసింది నేను. అప్పటినుంచి చాలా ఏళ్లు ఆ మూత నేను తప్ప ఎవరూ విప్పలేదు. దాని పెళ్లి ఫోటోలు నాకంటే ముందు చూసినవాళ్లున్నారు. దాని గిటార్ కడుపు చూసినవాళ్లు మాత్రం అప్పటికి లేరు.

రెండేళ్ల కింద ఒకసారి ల్యాబ్‌కొచ్చి అడిగింది. తీగల కింద కొత్త పికప్ వేయించుకుంటుందట. పికప్ అంటే తీగల కదలికను పట్టుకునే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్ట. కొత్తదాంట్లో చుట్టలు రెండుంటాయి. రెండూ కలిసి పనిచేస్తే గొంతు నిండుగా వస్తుంది. ఒకదాన్ని ఆపేస్తే సన్నగా, తేటగా వస్తుంది. వాల్యూమ్ నాబ్ పైకి లాగితే ఒక చుట్ట ఆగిపోవాలి, కిందికి నొక్కితే రెండూ పలకాలి. అట్లా వైరింగ్ చేసి పెట్టమంది.

"ఒక్క గిటార్‌ల రెండు గొంతులెందుకే నీకు? ఉన్న గొంతుతోనే సక్కగ వాయించవు" అన్నాను.

అది నవ్వింది. మళ్లీ అడగలేదు. రామంతాపూర్‌లో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి చేయించుకుంది.

ఆ సంగతి నాకు చర్చిలో తెలిసింది. పాట మధ్యలో చిటికెన వేలితో నాబ్ పైకి లాగింది. గొంతు మారిపోయింది. కిటికీ తెరిచినట్టయింది. పక్కనున్నావిడ "ఎంత మంచిగున్నదో" అంటే, "స్విచ్చేగా, అందులో ఏమున్నది" అన్నాను. ప్రార్థన ముగిసేదాకా తల వంచుకునే ఉన్నాను. భక్తి అనుకున్నారు.

సమావేశానికి ముందురోజు పొద్దున అది గిటార్ సంచితో ల్యాబ్‌లోకి వచ్చింది.

"నాబ్ లాగితే కరకర అంటుందే. రేపు వాయించాలె. జర చూడు."

"ఎందుకు, మీ రామంతాపూర్ సారు లేడా?"

"ఊరికి పోయిండు."

"అంటే ఆయన ఉంటే నా దగ్గరికి రాకపోతుంటివి."

"నీకు నోరు తప్ప ఇంకేం లేదే" అని, క్లాసుకు టైమవుతోందని వెళ్లిపోయింది.

మూత విప్పాను. నేనేసిన వైరు ఒక్కటీ లేదు. ఆయన సోల్డరింగ్ చూశాను. ఒక్కో అతుకూ చిన్న ముత్యంలా మెరుస్తోంది, ఎక్కడా బొట్టు ఎక్కువ లేదు, వైర్లన్నీ జడ అల్లినట్టు పక్కకు ఒదిగి ఉన్నాయి. నా అతుకులు గట్టివి, కానీ అందమైనవి అని ఎవరూ అనలేదు. వదులైంది ఒక్కటే. దాన్ని వేడిచేసి అంటిస్తే రెండు నిమిషాల పని.

నేను మొత్తం విప్పేశాను.

ఇదీ నా తప్పు, ఒప్పుకుంటాను. ఆయన చేతి గుర్తు అందులో ఉండకూడదనిపించింది. అన్నీ నా చేతులతో, ఆయనకంటే శుభ్రంగా మళ్లీ వేయాలనిపించింది. పికప్‌లోంచి నాలుగు రంగుల వైర్లొస్తాయి. నాకు కంఠతా వచ్చిన పద్ధతిలో ఆకుపచ్చది ఎర్త్‌కి పోతుంది. అలాగే కలిపేశాను. ఈ పికప్ చేసిన వాళ్లకు ఎర్త్‌కి పోవలసింది ఎర్రది. ఒక్కో కంపెనీది ఒక్కో రంగుల లెక్క అని పిల్లలకు చెప్పేదాన్ని, నేనే విప్పేముందు ఒక ఫోటో తీసుకోలేదు. మీటర్ పెట్టి చూస్తే రెండు చుట్టలూ ఉన్నట్టే చూపించింది. ఒక చుట్ట తిరగబడి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయని మీటర్ చెప్పదు. కరకర పోయిందా లేదా అని నాబ్ పైకి లాగి, ల్యాబ్ స్పీకర్‌లో విన్నాను. తేటగా మోగింది. కిందికి నొక్కి వినలేదు. గర్వంగా మూత బిగించాను.

మర్నాడు స్టేజీ మీద అది నాబ్ కిందికి నొక్కే మొదలుపెట్టింది. నిండుగా రావలసిన గొంతు డొల్లగా, గుయ్యిమనే మోతతో వచ్చింది. వెనక వరసలోంచి ఒకడు, "గిటార్‌కు జలుబైందారా?" అన్నాడు. నవ్వులు. అది తలెత్తి మూడో వరసలో ఉన్న నన్ను చూసింది. కోపంగా కాదు. హాస్టల్లో నేను దాని ఉత్తరం చదువుతూ దొరికిపోయినప్పుడు చూసిన చూపు. తర్వాత నాబ్ పైకి లాగి, మిగతా కార్యక్రమమంతా ఆ సన్నగొంతుతోనే లాక్కొచ్చింది.

దిగొచ్చాక గిటార్ సంచిలో పెట్టి జిప్ లాగింది. నేనే అన్నాను, "ఇటియ్యి, ఇప్పుడే సరిచేస్త."

"ఉండనీ" అంది.

వారం రోజులాగి రామంతాపూర్ వెళ్లాను. ఆయనతో పోట్లాడటానికే వెళ్లాను, దేని గురించో ఇప్పుడు గుర్తులేదు. దుకాణం చిన్నది. గిటార్ సంగతి ఎత్తగానే ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "మీరేనా మేడం? మీ అతుకులు గట్టిగున్నయి" అన్నాడు.

"తిరగబడ్డ సంగతి చూసిన్రా?"

"చూడంగనే తెలిసింది. ఎర్రదీ పచ్చదీ అటుదిటైనయి. పది నిమిషాల పని, చేస్త అన్న. గిటార్ మేడం వద్దన్నరు. గట్లనే ఉండనీ అన్నరు. మల్ల మూత బిగించి ఇచ్చిన."

ఆయన మీద కోపం కూడా లేకుండా పోయింది.

మొన్న ఆదివారం చివరి పాటలో, ఒకే ఒక్క చరణానికి అది నాబ్ కిందికి నొక్కింది. నేను చేసిన తప్పు చర్చి అంతా వినిపించింది. జలుబు గొంతు, డొల్ల గొంతు. ఆశ్చర్యం, ఆ చరణానికి అది సరిపోయింది కూడా. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అది నా వైపు చూడలేదు, నాబ్ మళ్లీ పైకి లాగింది.

ఊరందరితో వాదించేదాన్ని, దీన్ని ఈ ఒక్కటీ అడగలేకపోతున్నాను. ఆ గొంతు నచ్చి ఉంచుకుందా, నేను చేసింది వారం వారం నాకే వినిపించాలని ఉంచుకుందా, లేక ఆ మూత మళ్లీ నా చేతులతోనే విప్పాలని ఎదురుచూస్తోందా?